రాను పోను

జీలుగుగెడ్డ హాల్టుకి మళ్లీ రంగు వేశారు.
కొత్తది కాదట, మొదటిదే.
గోడ గీకి, పొరలు లెక్కపెట్టి,
అయిదో పొర కింద దొరికిన పసుపట.
ఆ పసుపు మీదే మా నాన్న,
పాయింట్స్‌మన్ గురివినాయుడు,
బొగ్గుతో రాసుకున్న ఉప్పుబస్తాల లెక్క
గీకుడులో పోయింది.

గడియారం ఇప్పుడు నడుస్తోంది.
అప్పట్లో ఎప్పుడు చూసినా నాలుగున్నరే.
బండి ఎంత నెమ్మదంటే
ముందు పెట్టెలోంచి దిగి
జీడిమామిడి పళ్లు కోసుకుని
వెనక పెట్టె ఎక్కేవాళ్లం.

ఇప్పుడు బండి లేదు, టిక్కెట్టుంది.
మనిషికి ఇరవై, కెమెరాకి యాభై.
కిటికీ వెనక నేను.
అదే కిటికీ, అదే అర్ధచంద్రం కన్నం.
నాన్న ఏనాడూ ఇటువైపు కూర్చోలేదు.

మొన్న మంగళవారం ఎండ వాలుతుండగా
ఉప్పు దాలమ్మ వచ్చింది.
నౌపడ మళ్ల నుంచి పాతపట్నం సంతకి
ముప్పై ఏళ్లు ఉప్పు మోసి
ఒక్కనాడూ టిక్కెట్టు కొనని మనిషి.
టీసీ ఎక్కితే దిగేది,
బండి పక్కనే నడిచేది,
టీసీ దిగాక ఎక్కేది.
తట్ట మాత్రం లోపలే ప్రయాణం చేసేది.

కొంగుముడి విప్పి ఇరవై కాగితం తోసింది.
"నీకెందుకప్పా, ఎల్లు" అన్నాను.
"తీసుకోరా. బతికినన్నాల్లూ దొంగబండే ఎక్కినాను.
బండి లేనప్పుడైనా టికట్టు కొననీ."

చేతిలో తిప్పి తిప్పి చూసింది.
"ఏ ఊరికిచ్చినావు?"
దాని మీద ఊరు లేదు.
ముద్ర ఉంది, నంబరుంది, ఉమ్మరాదని ఉంది.
పెన్ను తీసి పాతపట్నం అని రాశాను.
"రాను పోను రాయి.
సంతకెల్లినోలు తిరిగి రావద్దేటి?"
రాశాను.

లోపల అద్దాల బీరువాలో నాన్న లాంతరు,
పక్కన చీటీ: వాడినవారు తెలియదు.
పై ఆఫీసరుకి రెండుసార్లు చెప్పాను.
రాసుకున్నాడు, రెండుసార్లూ.

దాలమ్మ అక్కడ ఆగలేదు.
తిన్నగా ప్లాట్‌ఫారం చివరికి పోయి
తట్ట దింపే రాయిని ఆనుకుని నిలబడింది.
ఆ రాయికి ఎవరూ రంగు వెయ్యలేదు.
పాతదని తెలియలేదేమో.

మైలు అవతల, పెద్ద లైను మీద
గుణుపురం బండి కూసింది.
చటుక్కున ఆమె రెండు చేతులూ పైకి లేచాయి,
నెత్తిన చుట్టకుదురు సర్దుకుంటున్నట్టు.

బండి పోయింది.
చేతులు కాసేపు అలాగే ఉన్నాయి.