వేడినీళ్ళు ఎన్ని నిమిషాలు?

గుట్ట మీద మా గుడారంలో
కరెంటు ఉంది, టీవీ ఉంది, పొయ్యి ఉంది.
నల్లా లేదు.
తోపుడుబండి మీద డబ్బాలు లాక్కొచ్చేసరికి
మూతల చుట్టూ మంచు పళ్ళు మొలుస్తాయి.
ఉలాన్‌బాతర్‌లో జనవరి.
బొగ్గు పొగ ముందు నా జుట్టులో కాపురం పెట్టి
ఆ తర్వాతే ఊరి మీదికి వెళుతుంది.
స్నానశాల దగ్గర గంటసేపు లైను, తలకింతని లెక్క.

అందుకే ఆదివారం జిమ్ములు చూడ్డానికి బయల్దేరాను.

మొదటిది గాజు మేడలో, పదిహేడో అంతస్తు.
నిమ్మచెక్కలు తేలే నీళ్ళ కూజా,
చుట్టలు చుట్టిన తెల్ల తువ్వాళ్ళు,
ఎంత పరిగెత్తినా గుమ్మం దాటని ట్రెడ్‌మిల్లులు.
యెసుయి అనే పిల్ల అన్నీ తిప్పి చూపించింది:
ఆవిరి గది, ఉప్పు గది,
ఎందుకో తెలీదు, ఊరికే పడుకునే గది.
"మీ లక్ష్యం? బరువు తగ్గడమా, కండ పెంచడమా?"
"తలస్నానం" అన్నాను.
ఫారంలో 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టింది.
ఏడాది రుసుము విన్నాక
నిమ్మనీళ్ళు ఇంకో గ్లాసు తాగి దిగొచ్చాను.

రెండోది ఉచితం.
పాత ఫ్లాట్ల మధ్య పసుప్పచ్చ ఇనుప యంత్రాలు, ఆకాశమే కప్పు.
వట్టి చేత్తో ముట్టుకుంటే
అరచేతి తోలు ఉంచేసుకుంటుంది ఆ ఇనుము.
నక్కతోలు టోపీ పెట్టుకుని ఒక ముసలాయన
కాళ్ళూపుకుంటున్నాడు, మీసం గడ్డకట్టి.
"ఇక్కడ స్నానం?"
రాలుతున్న మంచును గడ్డంతో చూపించాడు.

మూడోది నేలమాళిగ. మల్లయోధులది.
రెండు మెట్లు దిగేసరికే
చెమటా రబ్బరూ ఉడికిన మాంసమూ కలిసిన వాసన.
పగిలిన అద్దంలో ఒక్కొక్కడూ ముగ్గురు.
తువ్వాలు మనదే, తాళం మనదే,
సబ్బు ఎవరిదో.
యజమాని దంజాన్, కుస్తీల్లో నలిగి ముడుచుకున్న చెవులాయన,
నా ప్రశ్న పూర్తవక ముందే అడిగాడు:
"ఏ గుట్ట?"
"చింగెల్టెయ్."
"ఊఁ. మాదీ అదే."
గోడ వెంట పోయే గొట్టం మీద నా చెయ్యి పెట్టించాడు.
పరిగెత్తొచ్చిన గుర్రం మెడలా
అదురుతూ, కాలుతూ.
"ఎన్ని నిమిషాలు?"
"లెక్కెవడు చూస్తాడు? కానీ ముందు ఇరవై గుంజీలు తియ్యాలి.
నాది స్నానశాలని పన్నులవాళ్ళు రాసుకుంటే
కొంప మునుగుతుంది."

మంగళ, శుక్రవారాలు నేనూ నా కూతురూ వెళుతున్నాం.
అది గుంజీలు లెక్కపెడుతుంది, దొంగ లెక్క,
పన్నెండు తర్వాత పద్దెనిమిది.
బయటికొచ్చి బస్టాపు చేరేలోపు
నా తడి జడ కర్రలా బిగుసుకుంటుంది.
దాన్ని స్తంభానికి తట్టి టకటక మోగిస్తుంది,
ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది.
పొగ వాసన లేదంటుంది.

ఇంకా గుట్ట ఎక్కలేదుగా.