ఆడిట్ నాడు

పదకొండు దినాల సంది
మా ఠాణల పెయింటు వాసన.
లాకప్ గోడకు లేత ఆకుపచ్చ, మూడు కోట్లు.
మూడోది ఆరినంక గూడ
మూలకు గీతలు కనపడుతనే ఉన్నయి,
ఎవడో గోరుతోని లెక్కవెట్టుకున్న దినాలు.
"పుట్టీ కొట్టియ్ కొమురెల్లీ" అన్నది ఎస్సై మేడం.
కొట్టిన.

నెక్కొండ రైలుగేటు పడ్డప్పుడల్లా
మా కిటికీ అద్దాలు గజగజమంటయి.
వాటి కింద కూసోని ఇరవై ఆరేండ్లు
మంది దుఃఖాన్ని
"పై విషయం ఏమనగా" అని మొదలువెట్టి
"తగు చర్య తీసుకోగలరని" మూటగట్టిన రైటర్ని నేను.
ఇప్పుడు నా బల్ల మీద నూట అరవై ప్రశ్నలు.
ఒక్కోదానికి ఒక రుజువు, ఒక ఫోటో, ఒక సంతకం.

తాగే నీళ్లున్నయా? ఉన్నయి.
ర్యాంపు? మొన్ననే పోసినం,
ఇంకా ఎవల్నీ కాలువెట్టనిస్తలేం.
ఆడోళ్లకు వేరే మరుగుదొడ్డి? ఉన్నది,
తాళంచెవి నా జేబులున్నది.
ఫిర్యాదుకు వచ్చిన మనిషికి
ఎన్ని నిమిషాల్ల కుర్చీ చూపెడతరు?
ఇక్కడ కలం ఆగింది.
కుర్చీలు ఎన్నో రిజిస్టర్ల ఉన్నయి గానీ
నిమిషాలు ఎన్నడు ఎక్కియ్యలే.

పట్టుకొచ్చిన బండ్లన్నీ వెనకకు నూకినం.
కేసు తెగక టైర్లు మట్టిల దిగిన బండ్లు.
ఒకదాని చినిగిన సీటుల పిట్ట గుడ్లు వెట్టింది.
హోంగార్డు యాకూబు
దానికి గూడ నంబరు చీటీ కట్టి
కాగితం మీద రాసిండు:
"కదిలియ్యరాదు."

ఇద్దరొచ్చిన్రు.
చేతుల ట్యాబుతోని ఒక పోరడు,
తోలుచెప్పుల రిటైరు అధికారి ఒకాయన.
పోరడు ప్రశ్నలు చదువుతుంటే
పెద్దాయన లాకప్‌ల నిలవడి
పుట్టీ మీద అరచెయ్యి వెట్టిండు.
"ఇక్కడేముండె?"
"చెమ్మ, సార్."
"తొంభై రెండుల నాకు మొదటి పోస్టింగు ఇదే" అన్నడు.
ఇగ ఏమనలే. నేనూ అనలే.
చెయ్యికంటిన తెల్లపొడిని
జేబురుమాలుకు తుడుచుకున్నడు.

గప్పుడే వచ్చింది మాలోత్ ద్వాళి,
చెప్పులు బయట ఇడిసి.
బోరు కేబులు దొంగలు కోసుకపోయిన్రట,
మిరపతోట మాడుతున్నదట.
యాకూబు ఉరికి కుర్చేసిండు.
మేడమే లేచి నీళ్లిచ్చింది.
ఎఫ్ఐఆర్ కాపీ పైసా అడగకుంట చేతికందింది.
ఇగ అభిప్రాయం చీటీ.
చదవొస్తలేదంటే నేనే చదివిన:
"సిబ్బంది మీతో మర్యాదగా మాట్లాడినారా?"

ఆమె నా దిక్కు చూసింది.
"ఈ యాళనా సారూ,
ఎప్పటిదీ అడుగుతున్నవా?"

పోరని వేలు ట్యాబు మీదనే ఆగింది.
"ఈ రోజుదే అమ్మా" అన్నడు, గడి ఒక్కటే ఉన్నదని.
"ఈ యాళ మంచిగనే మాట్లాడిన్రు.
నీళ్లు సల్లగున్నయి."
సంఘంల నేర్చుకున్న సంతకం,
ఒక్కో అక్షరానికి ఊపిరి పట్టుకుంట చేసింది.

అంతకుముందు రెండు మాట్లొచ్చింది.
రెండు మాట్లు "రేపు రా" అన్నది నేనే.
ఆ మాట ఆమె చెప్పలే.
చెప్తే బాగుండనిపించింది.
చీటీ కింద జాగ మిగిలింది.
ఇరవై ఆరేండ్ల నా గుండ్రటి రాతల రాసిన:
"లోగడ రెండు పర్యాయములు రశీదు ఇవ్వబడలేదు."
ఇవ్వబడలేదు, అని చూసుకున్న.
గీ భాషల తప్పు చేసినోడు ఎన్నడు ఉండడు.
కొట్టేసి
"నేను ఇయ్యలే" అని రాసి
పేరు వెట్టిన.

మేడం సాయంత్రం దాంక నాతోని మాట్లాడలే.
మార్కులు కోసిన్రు, అయినా సర్టిఫికెటు వచ్చింది,
వానకాలంల, అద్దం ఫ్రేముల.
అప్పటికి పుట్టీ ఉబ్బి పెళ్లలు లేసి
గీతలు మళ్ల బయటపడ్డయి.
ఈసారి సున్నం తెమ్మని మేడం అనలే.

నిన్న అంగడి రోజు.
ద్వాళి వచ్చింది,
ర్యాంపు మీదికెల్లి కాదు, మెట్లెక్కి.
కేబులు ఇంకా దొరకలేదు.
ఆ మాట కూసోవెట్టి చెప్పేవరకు
నాలుగు నిమిషాలు పట్టింది.
ఆమె ఇని, ఫ్రేము దిక్కు చూసి
"ఎవలిది సారూ ఫోటో?" అన్నది.