పేరు లేని పనిముట్టు

కయానీలో ఏప్రిల్. సరస్సు మీద మంచు ఇంకా కదల్లేదు.
షెడ్డులో ఒక్క బల్బు, కిరోసిన్ హీటరు,
డెబ్బై తొమ్మిది నాటి నాలుగు సిలిండర్ల బండి,
దాని పక్కన ముక్కాలిపీట మీద ఔనె.
పేరులోనే ఔను ఉన్న మనిషి.
బండి మాత్రం కాదంటోంది.

నాలుగు కార్బురేటర్లు ఒకే పట్టీకి బిగించి ఉన్నాయి.
ఇటు ఇంజను, అటు గాలిపెట్టె,
మధ్యన వేలు దూరితే గొప్ప.
వాటిని పట్టుకున్న రబ్బరు గొట్టాలు
తాము రబ్బరన్న సంగతే మరిచి చాలాకాలమైంది.

స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తబోయింది.
అల్యూమినియం మీద తెల్లటి గీత.
తన ఒంటి మీదే పడ్డట్టు మొహం ముడుచుకుంది.
వేడినీళ్లు పోసింది.
తిట్టింది, ముందు మామూలుగా,
తర్వాత అమ్మమ్మ కరేలియా యాసలో.
పక్కింటి యోర్మా వచ్చి, జేబుల్లోంచి చేతులు తియ్యకుండానే
"దానికో పనిముట్టు అమ్ముతారు, జర్మనీలో,
అరవై యూరోలు" అన్నాడు.
జవాబు లేదు.
వెళ్లిపోయాడు.
కాఫీ చల్లారింది.

మూలన గోల్‌కీపరు హాకీ కర్ర.
కాగితం మిల్లు ఆడవాళ్ల జట్టు ఆడిన ఆఖరి ఆటలో
ఏడు గోల్స్ లోపలికి వదిలేసిన కర్ర.
రంపం అందుకుంది.

మొదటిది మందమైంది.
రెండోది సన్నమై విరిగింది.
మూడోదాన్ని జానెడు కోసి, ఆకురాయితో అరగదీసి,
కొసని పిల్లి నాలుకంత పల్చన చేసి,
సైకిల్ ట్యూబు ముక్క చుట్టి
చేపల గాలం దారంతో బిగించింది.
అంచు కొరుక్కోడానికి చిన్న గంటు.

పైకి కాదు, వెనక్కి.
అన్నం వద్దని బిగించిన పిల్లాడి పళ్ల మధ్య
చెంచా దూర్చినట్టు
ఇక్కడ కాస్త, అక్కడ కాస్త,
మళ్లీ మొదటి చోటే ఇంకాస్త.

గుప్.
ఆగి చూసింది.
గుప్. గుప్.
నాలుగోది చప్పుడే చెయ్యలేదు.
ఒళ్లో పడ్డాయి నాలుగూ,
పాత పెట్రోలు పుల్లటి కంపుతో, పసిపిల్లంత బరువుతో.

ఖాళీ అయిన చోట టార్చి వేసింది.
గాలిపెట్టెలో ఎలుక గూడు.
మెత్తగా, పొందిగ్గా,
కొరికిన కాగితాలతో అల్లింది.
ఒక ముక్క లాగి వెలుతురులో పట్టుకుంది.
బండి సర్వీసు పుస్తకం.
"కార్బురేటర్లు ఊడదీసేటప్పుడు ముందుగా"
అక్కడికి ఎలుక పళ్లు.

శనివారం యోర్మా మళ్లీ వచ్చాడు.
"నీ దగ్గర అది ఉందిగా, ఒకసారి ఇస్తావా?"
"ఏది?"
"అదే..." జేబులోంచి చెయ్యి తీసి
గాల్లో ఏదో వంకరగా గీశాడు.

"అరవై యూరోలు" అంది ఔనె
నవ్వకుండా,
మేకు మీంచి తీసిస్తూ.