అతుకు ముందు, నీళ్ళు తర్వాత

బెర్గెన్‌లో వాన మొదలై పదకొండో రోజు.
సముద్రపు నీటిని పై అంతస్తుకు తోడే పంపు
రాత్రి తొమ్మిదింటికి దగ్గడం మొదలెట్టింది.
ఓడ్వర్ వచ్చాడు పానాల సంచీతో,
తడిసిన టోపీ తలుపు గొళ్ళేనికి తగిలించాడు.

కవాటం బిళ్ళ అరిగిపోయింది, అంతే.
పావుగంట పని.
కానీ తొట్లలోకి నీరు మళ్ళీ ఎక్కేదాకా
ఎవరో ఒకరు కాచుకోవాలిగా.
"ఈలోగా ఇది చూస్తారా" అంది సున్నివా,
మైక్రోస్కోపు ముందు కుర్చీ ఖాళీ చేసి.

పడవ తాళ్ళకు అంటుకుని పెరిగే జీవి,
నొక్కితే మొహాన నీళ్ళు చిమ్మే
జిగురు సంచి. దాని పిల్ల ఇది.
నిన్న రాత్రి గుడ్డు.
ఇవాళ తోక.
తోకలో ఒకే బారులో నలభై కణాలు,
కొట్టువాడు దొంతర పెట్టిన చిల్లరలా,
సందన్నది లేకుండా.

"ఇది గొట్టమవుతుంది" అంది.

అతను నవ్వాడు.
గొట్టం సంగతి అతనికి చెప్పాలా?
రేకు చుట్టి అంచులు కలిపితే గొట్టం.
వాళ్ళ తాత పైన్ దుంగను
ఈ కొస నుంచి ఆ కొసకు బరమాతో తొలిచేవాడు,
అదీ గొట్టమే, పొట్టు పోను.

"ఆ రెండూ ఒంటికి తెలుసు" అంది.
"వెన్నుపాముకు రేకు చుట్టినట్టే చుడుతుంది.
ఇంకోచోట నడిమి కణాలు చచ్చి దారి ఇస్తాయి.
ఇది వేరు. చూడండి."

చూశాడు.
ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడం చాలాసేపు జరిగింది.

తర్వాత, ఏడో కణానికీ ఎనిమిదోదానికీ నడుమ
ఒక మెరుపు. చుక్క కాదు,
చుక్క పెట్టబోయే చోటు.
వీపులు ఆనించుకు కూర్చున్న ఇద్దరు
మాటామాటా రాకుండానే
ఒకింత ఎడం జరిగితే
మధ్యకు వచ్చి చేరే చల్లదనం లాంటిది.
అది నీరు.
ఇద్దరూ చెరిసగం పోసిన నీరు.

ఎవరూ చావలేదు. ఎవరూ తొలవలేదు.

ఓడ్వర్ అడిగింది ఒక్కటే:
"కారదా?"

"కారదు. నీరు ఊరకముందే
సందు అంచు చుట్టూ కుట్టు వేసుకుంటాయి."

"అతుకు ముందు" అన్నాడతను.
"నీళ్ళు తర్వాత" అనీ తనే అన్నాడు.
ముప్పై ఒక్క ఏళ్ళుగా చెబుతున్నాడు ఈ మాట,
వినలేక చలికాలానికి ఒక శిష్యుడు చొప్పున
పారిపోతూనే ఉన్నారు.

డొల్ల అంటే మనకు తిట్టు.
డొల్ల కబురు, డొల్ల మనిషి.
నీ మెడలో మాత్రం పక్కపక్కనే రెండు డొల్లలు,
ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో ఊపిరి,
పొరబాటున దారి తప్పిన మెతుకుకి
కళ్ళలో నీళ్ళు తిరిగేలా దగ్గుతావు.

పోయినేడు ఓడ్వర్ గుండె నాళంలోకి
డాక్టర్లు తీగల అల్లిక తొడిగారు.
మొదట ఆ గొట్టం వేసిందెవరని
అప్పుడతనికి అడగాలని తోచలేదు.

ఒంటిగంట దాటింది.
చుక్కలు గదులయ్యాయి.
కణాలు గోడ పట్టుకుని పక్కకు పాకుతున్నాయి,
ఇరుకు రైల్లో కొత్తవాళ్ళకి చోటిచ్చినట్టు
ఒరిగి, ఒదిగి.
ఒక గది నీరు పక్క గది నీటిని తాకింది.
తాకిన చోట గోడ ఉందని
ఇక ఎవరూ చెప్పలేరు.

"మిగతావీ కలుస్తాయి, పొద్దున్నకి."
"ఆ తర్వాత?"
"బండకు తల ఆనించి అతుక్కుపోతుంది.
తోకను తనలోకే అరిగించుకుంటుంది."
"గొట్టంతో సహా?"
"గొట్టంతో సహా. ఒక్క ఈతకే అది."

అతను చాలాసేపు ఏమీ అనలేదు.
"నేను వేసినవాటిలో కొన్ని
అంతసేపు కూడా నిలవలేదు" అన్నాడు చివరికి.

పని చీటీ రాశాడు:
కవాటం బిళ్ళ ఒకటి, రబ్బరు ఉంగరాలు రెండు.
సమయం, పావుగంట.
"నాలుగు గంటలు ఉన్నారు కదా" అంది ఆమె.
అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

బయట, చూరు నుంచి దిగే గొట్టం మీద
అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.
లోపల వాన
ఒకటే పోత.

టోపీ గొళ్ళేనికే ఉంది.