గళ్ళుప్పు

ఎం.వి.పి. కాలనీలో మా పార్లర్‌కి
ఈ మధ్య ఒక సీసా వచ్చింది.
పొట్టి మెడ, బిరడా మూత, మీద నీలంరంగు అల బొమ్మ.
లోపల ఉప్పు.

రెండు చెంచాలు గిన్నెలో వేసి
కొబ్బరినూనె చుక్కచుక్కగా కలపాలి.
నూనె ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే గీరుతుంది.
మోచేతుల మీద గుండ్రంగా,
మెడ దగ్గర వేలికొసలతో,
గాయమున్న చోట అసలు వద్దు.
మాకిది నేర్పిన మేడమ్ బెంగుళూరులో నేర్చుకుందట.
బుద్ధిగా తలాడించాను.
ఉప్పు ఎక్కడ కొరుకుతుందో
నాకొకరు చెప్పాలా అని పైకి అనలేదు.

మొన్న ఒకావిడ, చెల్లెలి నిశ్చితార్థమట,
నున్నటి జుట్టు నా ముందు పరిచి అడిగింది:
"సముద్రంలోంచి అప్పుడే లేచొచ్చినట్టుండాలి.
చిందరవందరగా. మరీ కాదు."
గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు కరిగించి
పాయపాయకీ చల్లి, పిడికిట్లో నలిపి వదిలాను.
ఆరేకొద్దీ వంకీలు లేచాయి.
ఆవిడ అద్దంలో తనని చూసుకుని మురిసిపోయింది.
నాకు అదే అద్దంలో మా అమ్మ కనపడింది.

తెల్లారగట్ల హార్బర్‌లో వేలంపాట అయ్యాక
గాలికి లేచిన జుట్టు,
ఎండకి రాగిరంగు తిరిగిన పీచు.
అది ఎవరికంటా పడకూడదని
ఆముదం పెట్టి అణిచి, ముడి బిగించి,
ముడి మీద కొంగు, కొంగు మీద చుట్టకుదురు,
దాని మీద తట్ట.
ఈ కాలనీ మెట్లే ఎక్కి దిగేది.
ఇంటికొచ్చి పసుపూ చింతపండూ వేసి
చేతులు తోముకునేది.
నీచు పోయేది. ఉప్పు పోయేది కాదు.

మా పెద జాలారిపేటలో ఉప్పు సీసాల్లో ఉండదు, గోనెల్లో ఉంటుంది.
కానాగంతల పొట్ట చీల్చి కూరీ కూరీ
ఆవిడ వేళ్ళ సందుల్లో పగుళ్ళు,
పగుళ్ళ వెంట తెల్లటి గీతలు.
చిన్నప్పుడు అవే చేతిరేఖలనుకున్నాను.

సీసా అడుగున మిగిలింది తేమకి గడ్డకట్టింది.
పారెయ్యమన్నారు. పొట్లం కట్టి ఇంటికి తెచ్చాను.
అమ్మా, కాళ్ళిలా పెట్టు.
"ఏటే ఇది?"
ఉప్పే.
"ఎంతేటి?"
చెప్పాను. చిన్న సీసా, ఏడు వందల యాభై.
రెండు గళ్ళు వేలికి అద్ది నాలిక మీద పెట్టుకుంది,
కళ్ళు మూసుకుంది,
కూర చూసినట్టే చూసింది.
"మనుప్పేనే."
ఇక నవ్వు మొదలెట్టింది.
దగ్గు తెరలొచ్చేదాకా నవ్వింది.
గోడ మీంచి పక్కింటికి కేకేసింది:
"ఒలే ఎర్రమ్మా, రాయే,
మా గుంట నన్ను ఊరబెడతంది!"

మడమ దగ్గర నా వేలు ఆగింది.
గాయమున్న చోట వద్దన్నారు కదా.
గాయం లేని చోటు వెతుకుతూ
పాదం చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చాను.
"ఎయ్యే, పరవాలేదు.
మంటెట్టకపోతే అదేటుప్పు?"
వేశాను.
పళ్ళ బిగువున గాలి పీల్చి
నా భుజం పట్టుకుంది. వదల్లేదు.

కడిగి తుడిచాక
మడమ మీద అరచెయ్యి ఆనించి చూసుకుంది.
అటు తిప్పి, ఇటు తిప్పి,
వేరెవరి కాలో చూస్తున్నట్టు.
బాగుందనలేదు. బాగులేదనీ అనలేదు.

దీపం తీసేశాక, చీకట్లో,
నేను చెప్పిన ఆవిడ సంగతి అడిగింది.
"నిజంగా డబ్బులిచ్చి మరీ ఎట్టించుకుందేటి?"
ఊఁ అన్నాను.
లైట్‌హౌస్ వెలుగు గోడ మీద రెండు మూడుసార్లు తిరిగిపోయింది.
నిద్రపోయిందేమో అనుకున్నాను.

"మల్లీ వొస్తే సెప్పే ఆయమ్మకి,
రోజూ ఎట్టుకోవొద్దని.
తలంటుకోని నూనెట్టుకోమను.
మంచి జుట్టంటన్నావు గదా,
పీసయిపోద్ది."