పచ్చ

మైదుకూరు బస్సు దిగి
నేరుగా ఏడురోడ్ల కాడ మా ప్రెస్సుకొచ్చింది ఓబుళమ్మ.
సంచిలోంచి ఒక లేబులు తీసి
కటింగ్ మిషను మీద పెట్టి
ఏం మాట్లాడలే.

నేనే అడిగినా, ఏమైందక్కా అని.
అప్పుడు కొంగుముడి ఇప్పి
చిటికెడు పసుపు లేబులు పక్కన పోసింది.
"ఈ రెండిట్లో పసుపు ఏదో
నువ్వే చెప్పు దస్తగిరీ."

నా కాడ జవాబు ఉండాది.
రసీదు పుస్తకం మడతలో ప్రూఫు కాగితం,
దాని మీద ఆమె సంతకం,
కింద వంకర టింకరగా "సరే".
గోడ మీద నాయన కాలం నాటి బోర్డు కూడా ఉండాది:
ప్రూఫు చూసిన పిమ్మట మాకు బాధ్యత లేదు.
రెండూ చూపించినా.

ఆమె బోర్డు చదివింది, అక్షరం అక్షరం.
"నేను చూసింది రాత్రిపూట, మీ ట్యూబులైటు కింద.
నా పసుపు ఎండలో ఆరింది.
ఎండలోకి రా."

పోయినా.
పదకొండు గంటలకే తారు మెత్తబడతాంది.
ఆటోలోళ్లు తలకు తువ్వాలు చుట్టుకోని చూస్తాండారు,
ఇద్దరు మనుషులు నడిరోడ్డు మీద
ఒక కాగితం ముక్కను ఎందుకు ఎండబెడతాండారా అని.

మన మాటల్లో పచ్చ అంటే రెండు రంగులు.
పసుపూ పచ్చే, ఆకూ పచ్చే.
మూడు వేల లేబుళ్లతో నేను
మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి జారినా.

యాడ జారినానో నాకు తెలుసు.
అంతకు ముందు రోజు పని, బట్టల నీలి సీసాలకు లేబుళ్లు.
కరెంటు పోతాదని తొందరలో
రోలర్లు ఒక కడుగు తక్కువ కడిగినా.
ఆ ఒక్క కడుగు ఆమెకు చెప్పలే.
ఎండలో ఆమె మొగం చూసినాక చెప్పినా.

"నాలుగొందలు అప్పుడే అంటించేసినాం.
అమ్ముడు కూడా పోయినాయి."
మరింకేం, అనబోయినా.
"ఒకామె మాత్రం ప్యాకెట్టు ఎత్తి చూసి
ఏం కలిపినారో అని పక్కామెతో అనింది.
కలపలేదని దాని ఎనక పరిగెత్తేదా నేను?"

ఆదివారం షట్టరు సగం దించి
రోలర్లు మూడు తూర్లు కడిగినా,
గుడ్డ తెల్లగా వచ్చేదాకా కిరసనాయిలు తాగించినా.
ఆమె ఇచ్చిపోయిన పసుపుకొమ్ము ఇరిచి
ఇంకుడబ్బా మూత మీద పెట్టుకున్నా, ఇరిచిన పక్క పైకి.
సూది మొనంత ఎరుపు.
చాల్లే.
ఇంకో మొన.

కాగితం ఖర్చు ఆమే ఇచ్చింది.
"ట్యూబులైటు కింద సరే అనింది నేనే కదా."
వద్దు అనాల్సింది.
పిల్లోని బస్సు ఫీజు గుర్తొచ్చి తీసుకున్నా.
బోర్డు కింద సుద్దముక్కతో రాసినా:
ప్రూఫు ఎండలో చూడవలెను.

మళ్లీ ప్రూఫు, మళ్లీ రోడ్డు మీదికి.
సంతకం పెట్టక్కా అని పెన్ను చాపితే
ఆమె కొంగుముడిలో బొటనవేలు అద్ది
కొత్త లేబులు మీద గట్టిగా ఒత్తింది.

వేలు తీసినాక
కాగితం అటు వంచి ఇటు వంచి ఎతికినా.
ముద్ర యాడుందో
నాకు కనపడలే.