ఫోర్స్ ఔట్

సున్నం గీత మీద నిలబెట్టి
సాబిర్ సార్ చెప్పిండు:
బేస్ మీద ఒక్కరికే జాగ.
ఎనకామె ఉరికొస్తే నువ్ ఉరకాల్సిందే.
నిన్ను ముట్టే పని గూడ లేదు వాళ్లకు,
బంతి పట్టుకొని ముందటి బేస్ తొక్కితే చాలు,
నువ్ ఔట్.

నాకు సమజ్ కాలే.

కోఠి బస్సుల కండక్టరమ్మ
చిల్లరతోని రాడ్ కొట్టుకుంట
"ముందుకు జరుగుండ్రి" అని ఒర్రుతుంటే
సగం సమజైంది.

మిగతా సగం ఇంటికొచ్చినంక.
ఓనర్ కొడుక్కు పెండ్లి కుదిరిందట.
మమ్ముల ఎవ్వరూ ముట్టలే, ఒక్క మాట అనలే.
సున్నం ఏసేటాయన వచ్చి
మా గోడలు కొలుస్తుండు.

ఆట సంగతి చెప్తే నాయిన అడిగిండు:
"మరి ఔట్ గాకుంట ఉండాలంటే?"
"బంతి కన్న ముందు చేరాలె."

చెప్పులేసుకొని
ట్రాలీ ఆటో మాట్లాడనీకి పోయిండు.